రంగు మారిన మాత్రలు

గ్లాస్గో,
మంగళవారం

వదినా,

ఫోన్ చేస్తే నాన్న నీ చేతిలోంచి లాక్కుని నవ్వేస్తున్నాడు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి నీకొక్కదానికే పంపుతున్నాను. నా తెలుగులో తప్పులుంటే సర్దుకుని చదువు.

సెలవులకి మన దీవికి వచ్చిన డెలానీపూర్ సుమ నిన్న ఇక్కడికి తిరిగొచ్చింది. నాన్న ఆమె చేత పంపిన ఎండు నెత్తళ్ళ పొట్లం విప్పితే లోపల మాత్రల షీట్లు ఉన్నాయి. గుండెలో వేసిన స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకోమని డాక్టరు కొత్తగా రాసినవే. ఒక్క మాత్రా తీయలేదు. వేసుకుంటున్నాడనే కదా మనం అనుకున్నాం!

అడిగితే, "రంగు మారిపోనాయమ్మా, ముందటి మాత్రల్లాగ లేవు. నువ్వు మందుల సదువే కదా సదువుతన్నావు, నీ లాబ్‌లో ఓపాలి చెక్ చేసి సెప్పు. ఫికర్ మత్ కర్" అన్నాడు.

ఆ మాత్ర వేసుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు వదినా. ఫార్మకాలజీలో చదివిందే అది. రాత్రంతా అదే కళ్ళముందు ఆడింది.

పొద్దున పరీక్ష చేశానని అబద్ధం చెప్పాను. అన్నీ మంచివే, వదిన అలాంటివే కొని తెస్తుంది, ఈరోజే మొదలుపెట్టు నాన్నా అన్నాను.

"అవి నువ్వు సూడలేదు కదమ్మా. సూసినవే పంపించు, ఏసుకుంతాను" అన్నాడు.

అన్నయ్య చేపల వేట నుంచి రాగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన మాటైనా వింటాడేమో.

ఈ షీట్లు తిరిగి పంపడానికి, అటు వచ్చేవాళ్ళ కోసం పొద్దున్నించీ కనిపించినవాళ్ళందరినీ అడుగుతున్నాను. ఎవరూ లేరు వదినా.