శనివారం రాత్రి వండిన కూర

నాన్నా,

ఫ్రిజ్‌లో చర్చి నుంచి తెచ్చిన కోడికూర ఉంది, వేడి చేసి కూడా తినకు. కుక్కకు వెయ్యకు, దొడ్లో గుంట తీసి పూడ్చిపెట్టు. నిన్న ఆరాధన అయినంక చర్చిల అందరికీ పెట్టిన ప్రేమ విందు తిన్నోళ్లు ఇరవై ఆరుగురు వాంతులతో మా దవాఖానాల పడ్డరు. ఇంటికొచ్చి స్నానం చేసి మళ్లీ డ్యూటీకి పోతున్న.

ఆదివారం పొద్దున వండిద్దామని నేనంటే, వంటోళ్లకు ఆరాధన తప్పుతదని శనివారం రాత్రే వండించినవ్. మూత పెట్టినంక ఏమైతదన్నవ్. సంఘ పెద్దవాయె, ఇంకెవరూ ఎదురు చెప్పలే.

పెరుగన్నం కలిపి పెట్టిన, తిను.

ఫ్లోరెన్స్

వంట చేసిన రిబ్కా పెద్దమ్మకు కూడా సెలైన్ ఎక్కుతున్నది. డాక్టర్ అడిగితే తప్పంతా తనదేనన్నది, నీ పేరు చెప్పలే. అందరికీ ప్రార్థన చేస్తనని వస్తవు కదా, ముందు ఆమె మంచం కాడికి పో.