ముగ్గు పోసిన ఇల్లు

తమ్ముడు సాంబయ్యకు అక్క దీవెనలు.

కొడకండ్ల రోడ్డు పక్కన ఇల్లు కట్టేవాళ్లు ఇకనుంచి పది అడుగులు ఎక్కువ వదలాలని సోమవారం గ్రామసభలో రూలు పెడతారట. నీ మేనకోడలు భాగ్య ఇంటికి సమ్మెకు ముందే గోడలు వచ్చే చోట గీతలకు ముగ్గు పోసి, కొబ్బరికాయ కొట్టి, పునాది తవ్వించాను. తెలంగాణ సమ్మెలో ఆఫీసులు మూసి ఉండి అనుమతి కాగితం రాలేదు. అందుకే పంచాయతీ కార్యదర్శిని కలిసి అడిగాను.

"రూలు రూలే అవ్వా," అన్నాడు కార్యదర్శి.

"రూలు ఉండాలె నాయినా, లేకుంటే అందరు రోడ్డెక్కి కడ్తరు. గని ముగ్గు పోసినంక గోడ జరుపుతరా? ఇంకా ముగ్గు పోయనోళ్లకు పెట్టు ఆ రూలు," అన్నాను.

"గదీ నిజమే," అని మనం ముగ్గు పోసిన తేదీ రాసుకున్నాడు.

సభకు వచ్చి నువ్వూ ఆ మాటే చెప్పు. తప్పక ఒప్పుకుంటారు. ఆ పునాది ముందు రోడ్డు వైపున్న మన బర్రెల కొట్టానికి ముగ్గు పోయలేదు కదా, రూలు దానికి వర్తిస్తుందని దాన్ని నిన్ననే పీకించి రోడ్డుకు జాగా వదిలాను.