ఆకుపచ్చ పెట్టెల్లో తూటాలు

నాన్నా,

ఎడమ చేత్తో నువ్వు రాసిన ఉత్తరం మంగళవారం అందింది. అక్షరాలు వంకరే అయినా తిట్లు మాత్రం స్పష్టంగా చదవగలిగాను. ఇక్కడ నేను, పిల్లలు, కుక్క అందరం బాగున్నాం. అక్కడ ఆసుపత్రిలో నీ కాలు కూడా కాస్త నీ మాట వింటోందనుకుంటాను. కుక్క పంజాకి తగిలిన గాయం మానింది. వేటలో నీ చోట ఈసారి ఎవరినీ కూర్చోబెట్టడం లేదు, గ్లొమ్మా నది ఒడ్డున ఆ బండ ఖాళీగానే ఉంటుంది.

"ఆకుపచ్చ పెట్టెల్లో నేను చేసిన తూటాలున్నాయి, దుప్పుల వేటకి అవే తీసుకెళ్లు" అన్నావు. దాని సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు ఇది విను: నేను తూటాలు చేయడం నేర్చుకున్నాను! నేలమాళిగలో, నీ బల్ల దగ్గరే. షూటింగ్ క్లబ్ నుంచి గున్వోర్ అత్త, ఐస్టైన్ ప్రతి గురువారం వస్తున్నారు. పేల్చిన ఇత్తడి తొడుగులు శుభ్రం చేయడం, తుపాకి మందు తూచడం, గుండు బిగించడం అన్నీ వాళ్లే చూపించారు. మొదటి రోజు తూస్తూ కబుర్లు చెప్తుంటే గున్వోర్ అత్త నా చేతి మీద ఒక్కటిచ్చింది. "నోరు మూసుకుని తూచవే! హల్వార్ కూతురివైతే మాత్రం మందు నీ మొహం చూసి ఊరుకుంటుందా?" ఐస్టైన్ అయితే టార్చి వేసి ప్రతి తొడుగులోకీ తొంగి చూస్తాడు, పళ్ల డాక్టరులా. ఇప్పుడు వంద మీటర్ల దూరంలో నా అయిదు గుండ్లు చేసిన కన్నాలూ ఒక్క వాఫుల్ అట్టు కింద దాగిపోతాయి. నీకంటే నయమేనని ఐస్టైన్ అన్నాడు. అనలేదులే, కానీ త్వరలో అంటాడు.

ఇక పెట్టెల సంగతి. ఆ తూటాలు లేవు నాన్నా. మన లోయలో ఎవరూ ఇంకొకరు చేసిన తూటా తమ తుపాకిలో పెట్టరు. నేను మాత్రం ముప్ఫై ఏళ్లుగా నీవి తప్ప పెట్టలేదు. అయినా ఈసారి రెండు వందల పదహారూ విప్పేశాను. పదకొండింట్లో మందే లేదు. రెండింట్లో తుపాకినే పేల్చేసేంత ఎక్కువుంది. గున్వోర్ అత్త వాటిని చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఎందుకు విప్పానో కూడా చెప్పాలి. పోయిన సెప్టెంబరులో నీ తూటా ఒకటి నా చేతిలో తుస్సుమంది. గుండు తుపాకి గొట్టంలోనే ఇరుక్కుంది. చూసుకోకుండా రెండోది పేల్చి ఉంటే నా మొహం మిగిలేది కాదు. నీతో తుపాకి తుప్పు పట్టిందని అబద్ధం చెప్పి, ఐస్టైన్ చేత గుట్టుగా బాగుచేయించాను. నీ చెయ్యి పొరపాటు చేయదని నాకు నేనే చెప్పుకున్నాను. మార్చిలో నువ్వు పడిపోయాక డాక్టరమ్మ, "అంతకుముందే చిన్న చిన్న స్ట్రోకులు వచ్చి ఉంటాయి, ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగింది. నేను గమనించాను నాన్నా. నువ్వు ముసలివాడివైపోతున్నావని ఒప్పుకోలేక ఊరుకున్నాను. చాలా సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

ఆదివారం నిన్ను షూటింగ్ మైదానానికి తీసుకెళ్లడానికి నర్సు ఒప్పుకుంది. తుపాకి నేను పట్టుకుంటాను, నువ్వు ఎడమ చేత్తో ట్రిగ్గర్ నొక్కు. తూటా నేను చేసిందే. ముప్ఫై ఏళ్లు నిన్ను ఒక్క మాట అడక్కుండా నీ తూటాలు పేల్చాను, అదే ప్రేమ అనుకున్నాను. నువ్వు మాత్రం అడుగు. ఎంత తూచావు, పక్కన ఎవరు చూశారు, ఆ రోజు నీ మనసు ఎక్కడుంది అని అందరి ముందూ అడుగు. నా జవాబులు నచ్చితేనే నొక్కు.

ఇట్లు,
ఆదివారం కోసం చూస్తున్న నీ పెద్దకూతురు
సిగ్నె