మోకాలి సాక్ష్యం

భీమవరం,
మంగళవారం సాయంత్రం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు క్రిస్టినా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ అల్లుడు గారు, హాస్టల్లో ఉన్న రూబీ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, తమ్ముడు సుకుమార్, మరదలు, పిల్లలు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. ఖరగ్‌పూర్‌లో ఎండలు ముదిరాయని తమ్ముడు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చుని వడియాలకి కాపలా కాయకు. కాకులు తిన్నన్ని తిననీ.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాలంలో ఉత్తరాలేంటి అని మరదలు నవ్విందట. నీ చెవికి నా మాట పడాలంటే నేను గొంతు చించుకోవాలి. చించుకుంటే మా వీధి వీధంతటికీ నా సంగతి తెలుస్తుంది, నీకు మాత్రం తెలియదు. అందుకని కాగితమే నయం. ఈ ఉత్తరం మాత్రం తమ్ముడి చేత చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కదానివే కూర్చుని చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఆవకాయ అందింది. ఖరగ్‌పూర్ నుంచి భీమవరానికి ఆవకాయ పంపిన మనిషివి లోకంలో నువ్వొక్కదానివే. ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది గానీ, మీ అల్లుడు గారి ముందు ఆ మాట అంటే నన్ను ఇంట్లోంచి పంపేసేలా ఉన్నారు. నీ మనవరాలు రూబీకి రెండో ఏడాది నర్సింగ్ పరీక్షలు దగ్గర పడ్డాయి, అందుకే నీకు రాయడం లేదు, అలగకు. రొయ్యల పట్టుబడి ఇప్పుడే కనుక ఐసు ఫ్యాక్టరీలో ఆయనకి తీరిక లేదు. అన్నం వేళకి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

ఏం బట్టలు వేసుకుని రోడ్డు మీద పరుగెత్తుతున్నావని కూడా అడిగావు. నిండుగా ట్రాక్ ప్యాంటు, పైన ఆయన పాత చొక్కా. ఎవరూ ఏమీ అనడం లేదు. మొదట్లో అన్నారు, ఇప్పుడు విసుగెత్తి మానేశారు. ఉండి ఊరు వెళ్ళే రోడ్డు మీద చేపల వ్యాన్ల వాళ్ళు ఒక రోజు నేను కనిపించకపోతే మర్నాడు బండి స్లో చేసి, “ఏంటండి మేడం గారూ, నిన్న రాలేదు?” అని అడుగుతున్నారు. నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో సెలవు పెడితే కూడా అంత ఆదరంగా ఎవరూ అడగరు.

ఇక నీ చివరి ప్రశ్న. “గుడిలో సాక్ష్యం చెప్పావా? దేవుడు బాగు చేసిన మోకాలిని మళ్ళీ పాడు చేసుకోకు. పరుగు మానేశానని ఒక్క ముక్క రాయి, నాకు అది చాలు” అని రాశావు. ఆ వాక్యం దగ్గర నాకు రెండు రోజులు కలం కదల్లేదు. సాక్ష్యం చెప్పాను అమ్మా. ఏం చెప్పానో రాస్తాను. ముందు అసలు నా ఒంటి సంగతి నీకు తెలియాలి. ఇన్నాళ్ళూ నీకు పైపైనే రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట షుగరు వచ్చేలా ఉంది, నడవమని డాక్టరు గారు అన్నారు కదా. నడిచాను. నీ కూతురి సంగతి నీకు తెలియనిదేముంది, నడక నాకు ఆనలేదు. ఒక పొద్దున్న చెరువు గట్ల మీద ఎవరూ లేరు, చెరువు నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు తప్ప. చుట్టూ చూసుకుని ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగెత్తాను. గుండె నోట్లోకి వచ్చింది. అయినా నవ్వాగలేదు. చిన్నప్పుడు కాలవ గట్టు మీద పరుగెడితే నువ్వు చీపురు పట్టుకుని వెంటపడేదానివి చూడు, అచ్చం అప్పటి నవ్వు.

అప్పటి నుంచి స్తంభాలు పెరుగుతూ వచ్చాయి, నొప్పులూ పెరుగుతూ వచ్చాయి. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో గుచ్చుతుంది, కాఫీ తాగేసరికి పోతుంది. పిక్కలు బిగుస్తాయి. ఎడమ మోకాలి చిప్ప కింద మాత్రం నొప్పి ఏడాదిగా కాపురం పెట్టేసింది, ఖాళీ చెయ్యడం లేదు. కాళ్ళకి వ్యాయామం నేర్పే ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మానేయమంటుందేమోనని భయపడుతూ వెళ్ళానమ్మా. ఆ పిల్ల నా కాలు అటూ ఇటూ వంచి, “మానక్కర్లేదండి. ఏ నొప్పికి ఆగాలో, ఏ నొప్పితో వెళ్ళొచ్చో తెలుసుకోండి చాలు” అంది. సలుపు అయితే మెల్లగా వెళ్ళొచ్చు. పోటు పొడిస్తే అక్కడే ఆగి, ఆటో ఎక్కి ఇంటికి రావాలి. ఇప్పటికి మూడుసార్లు ఆటో ఎక్కాను. సిగ్గేమీ లేదు.

ఇంకా ఏం చేయమందో తెలుసా, గోడకుర్చీ. లెక్కలు రాకపోతే మేష్టారు వేయించే గోడకుర్చీయే. తొడలు గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుందట. మొదటి రోజు నేను వంటింట్లో గోడకి చేరబడి వణుకుతుంటే మీ అల్లుడు గారు వచ్చి, “ఏం తప్పు చేశావే?” అన్నారు. తర్వాత ఆయనే ఫ్యాక్టరీ నుంచి టిఫిను డబ్బాలో ఐసు ముక్కలు తేవడం మొదలుపెట్టారు. రొయ్యలకి వెయ్యాల్సిన ఐసు నీ మోకాలికి సరిపోతోంది అని దెప్పుతూనే, తువ్వాలులో చుట్టి మోకాలి మీద పెట్టి, టీవీ చూస్తూ పట్టుకుని కూర్చుంటారు. ఈ మాట ఆయనకి రాసే ఉత్తరంలో ఎత్తకు, మొహమాటపడతారు.

అలా రోజులు సాగుతుండగా ఒక బుధవారం స్త్రీల సమాజంలో చిక్కు వచ్చి పడింది. అందరూ ప్రార్థనకి మోకరించారు. ఆ రోజు నాకు మోకాలు వంగడం లేదు, కుర్చీలోనే ఉండిపోయాను. సమాజం పెద్ద సత్యకుమారి గారి కంటికి ఏదీ దాగదు కదా. “ఏమ్మా, మోకరించలేని కాళ్ళతో పరుగులెందుకమ్మా నీకు?” అని, అందరినీ పిలిచి, నా మోకాలికి నూనె రాసి, చేతులుంచి ప్రార్థన చేశారు. వాళ్ళ ప్రేమకి నాకు ఏడుపొచ్చింది, అబద్ధం ఆడను. ఆ వారమంతా నిజంగానే నొప్పి లేదు. అదే నీకు రాశాను. నువ్వు అక్కడ ఉపవాసం ఉండి, కృతజ్ఞత కానుక తమ్ముడి ఫోనులోంచి మన గుడికి పంపించేశావు. ఆ కానుక చేరేసరికి నొప్పి తిరిగి వచ్చేసింది.

మొన్న ఆదివారం తెల్లవారుజామున ఉండి దాకా పరుగెత్తి వెనక్కి వచ్చాను. సలుపు ఉంది, పోటు లేదు. స్నానం చేసి, చీర కట్టుకుని గుడికి వెళ్ళాను. ప్రకటనల్లో పాస్టరు రాజరత్నం అయ్యగారు నీ పేరు చదివారు. “ఖరగ్‌పూర్ నుంచి సంపూర్ణమ్మ గారు తమ కుమార్తె మోకాలు స్వస్థపడినందుకు కృతజ్ఞత కానుక పంపారు. క్రిస్టినా ముందుకొచ్చి సాక్ష్యం చెబుతుంది” అన్నారు. సత్యకుమారి గారు వెనక్కి తిరిగి నా వంక చూసి నవ్వారు. తన చేత్తో నూనె రాసిన మోకాలు మరి.

నా సీటు నుంచి మైకు దాకా ఎంత దూరమని. అంత దూరం నాకు ఎప్పుడూ అనిపించలేదు. బాగైపోయిందండి అని ఒక్క మాట అంటే నీ పేరు నిలబడుతుంది, అందరూ సంతోషిస్తారు, ఇక నేను పరుగెత్తకుండా దాన్ని కాపాడుకోవాలి. కాలేదంటే నీ ప్రార్థన వృథా అయిందని పదిమంది చేత అనిపించినదాన్ని అవుతాను.

చివరికి ఇలా చెప్పాను. “అయ్యగారికి, సంఘానికి వందనాలండి. మా అమ్మ ప్రేమ కొద్దీ కానుక పంపిందండి. కానీ దేవుడి గుడిలో నిలబడి అబద్ధం చెప్పలేను. నా మోకాలు పూర్తిగా బాగవలేదండి. ఇప్పుడు ఇక్కడ నిలబడినా నొప్పిగానే ఉంది. ఒక వారం ఉండదు, ఇంకో వారం వస్తుంది. నొప్పి పొమ్మని నేనూ ప్రార్థన చేశాను, పోలేదు. అయినా ఇవాళ పొద్దున్న పరుగెత్తి వచ్చానండి. రేపు కాక ఎల్లుండి మళ్ళీ వెళతాను. మూడేళ్ళ కిందట ఈ గుడి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది నాకు, మీరంతా చూశారు. నాకిచ్చిన బలానికి స్తోత్రమండి. మా అమ్మ కానుక దానికని రాసుకోండి.”

ఎవరు ఏ సాక్ష్యం చెప్పినా వెంటనే ‘స్తోత్రం’ అంటారు కదా. ఆ రోజు ఎవరూ అనలేదు. నేను మైకు పెట్టేసి వచ్చి కూర్చున్నాను. మగవాళ్ళ వైపు మీ అల్లుడు గారు తల వంచుకుని ఉన్నారు. పరువు తీశానేమో అనుకున్నాను.

అయ్యగారు లేచి మైకు అందుకున్నారు. “ప్రార్థన చేద్దాం” అని, ఆగి, “మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీల్లోనే ఉండండమ్మా. దేవుడు వింటాడు” అన్నారు. కళ్ళు మూసుకోవలసింది, నేను మూసుకోలేదు. చూశానమ్మా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఆదివారం మోకరించిన ఆడవాళ్ళు, సగానికి సగం మంది, కుర్చీల్లోనే ఉండిపోయారు. సత్యకుమారి గారు వంగబోయి, కుర్చీ చెయ్యి పట్టుకుని, మళ్ళీ వెనక్కి కూర్చున్నారు. ఆవిడ మొహంలో ఆ హాయి నేను ఇదివరకెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ వీళ్ళంతా ఆ నొప్పితోనే వంగుతున్నారన్నమాట, ఒకరికొకరు చెప్పుకోకుండా. ఇంటికొస్తూ బండి మీద మీ అల్లుడు గారు, “బాగా చెప్పావు” అన్నారు. అంతే అన్నారు.

అమ్మా, ఇదీ జరిగింది. నీకు కోపం వస్తే రానీ. పరుగు మానేశానని మాత్రం రాయలేను.

ఒక్క మాట అడుగుతాను. నాన్న జీతం చాలక నువ్వు ఊడ్పులకి వెళ్ళే రోజుల్లో, రాత్రి నడుం పట్టేసి పక్క మీద ఒత్తిగిల్లలేకపోయేదానివి. తెల్లవారితే మళ్ళీ మోకాలి లోతు బురదలో ఉండేదానివి. మానెయ్యమని నీతో ఎవరైనా అన్నారా? అనలేదు, ఆ నొప్పి మాకు అన్నం పెట్టేది కనుక. నా పరుగు ఎవరికీ అన్నం పెట్టదు, అందుకని అందరూ నన్ను మానెయ్యమంటున్నారు. కానీ ఈ కాళ్ళు నీవే. పొద్దున్న గట్టు మీద వెళుతున్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉంటుందో నీకు చెప్పలేను. నీ నడుముకున్న మొండితనమే నా మోకాలికి వచ్చింది.

తమ్ముడు నిన్న ఫోనులో ఒక సంగతి చెప్పాడు. వాడిని తిట్టకు. నువ్వు తెల్లవారి ప్రార్థన చేసుకుని లేవలేక, మంచం కోడు పట్టుకుని, పిల్లలు నిద్ర లేవకముందే మెల్లగా లేస్తున్నావట. చూసినట్టు తెలిస్తే నొచ్చుకుంటావని వాడు తలుపు చాటునే ఉండిపోతున్నాడట. నాకు రాసిన ప్రతి ఉత్తరంలో మాత్రం నాకేం, గుండ్రాయిలా ఉన్నాను అని రాస్తున్నావు. రేపటి నుంచి కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకో అమ్మా. ఎక్కడెక్కడ నొప్పో, ఏ వేళప్పుడు నొప్పో నాకు రాయి. నిన్ను ఏదీ మానెయ్యమని నేను అనను.

ఇట్లు,
నొప్పితోనే పరుగెత్తుతున్న
నీ కూతురు,
క్రిస్టినా