పదకొండు పేర్లూ నిలిచాయి

కొత్తూరు, 26-4-2012

అక్కయ్యకు నమస్కారములు. జరిగినది వరుసగా వ్రాస్తున్నాను.

1. మా షెడ్డు కార్మికుల ప్రమాద బీమా రేటు ఏటా ఈ నెలలో మారుతుంది. ఈసారి పెరిగితే పదకొండు మంది కూలీల పేర్లు తీసేస్తానని యజమాని అన్నారు. అప్పుడు దెబ్బ తగిలితే వారికి దిక్కుండదు.

2. రేటు పెరిగింది. కాగితాలన్నీ తీసి చదివాను. మేము విమానాశ్రయానికి చెక్కపెట్టెలు చేస్తాము, నేల మీదే. బీమా కాగితంలో మాత్రం రెండేళ్ల కిందట మానేసిన పైకప్పు రేకుల పనే ఉంది; ఎత్తు మీద పని గనుక దానికి రేటు ఎక్కువ. ఏటా పాత కాగితం చూసి పొల్లు పోకుండా నకలు దింపింది నేనే!

3. నిన్న బీమా ఆఫీసులో సరిచేయించాను. రేటు బాగా తగ్గింది. పదకొండు పేర్లూ నిలిచాయి.

సంగతి చెప్పగానే పెట్టెలకు మేకులు కొట్టే భాగ్యమ్మ, "ఏంది సారూ, రెండేండ్ల సంది మమ్ముల కప్పు మీద కూసోవెట్టినవా? జర దింపు, కాళ్లు గుంజుతున్నయ్! జుర్మానా కింద మీ అక్క ఆవకాయ తెప్పియ్యి" అన్నది. షెడ్డంతా నవ్వింది, యజమానితో సహా.

బావగారి మోకాలు ఎలా ఉన్నది? కాయ కొన్నారా? పిల్లలకు నా ఆశీస్సులు. జాడీ పెద్దది పంపవలెను, శిక్ష న్యాయమైనదే.

సాయంత్రం 5 గం. 40 ని.
నీ తమ్ముడు,
చెరుకుమిల్లి వీరభద్రరావు