నీళ్లల్ల మీ నాయిన బరువు

నా బిడ్డ మంగకు,

సూరత్ లింబాయత్ నుంచి మీ అవ్వ దీవెనలతోటి రాస్తున్న. నేను, మీ నాయిన సల్లగనే ఉన్నం. నువ్వు, అల్లుడు, పిల్లలు గట్లనే ఉండాలె.

లింగమూర్తి మామ చేతికి నువ్విచ్చిన ఉత్తరం, కారప్పొడి అందినయ్. ఫోన్ ఎందుకు కలుస్తలేదని అడిగినవ్. అది నీళ్లల్ల మునిగింది. నాయిన కాలు గట్లనే ఉంది, పచ్చవాతం ఒచ్చిన దిక్కు ఇంకా సోయి రాలే. బువ్వ మంచిగ తింటుండు. నీ గ్యాసు పైపు మార్పిచ్చినవా? నాకు గదే రంది.

మీ గల్లీలకు నీళ్లొచ్చినయా అన్నవ్. ఒచ్చినయ్ బిడ్డా. కంగారు పడకు, అయిపోయింది. మొన్నటి వానకు ఇంటెనుక ఖాడీ, గదే మురికి కాల్వ, పొంగింది. నేను చాయ పెడుతున్న. సూస్తుండంగనే నీళ్లు మోకాళ్లు దాటి నడుం దాక ఒచ్చినయ్. నాయినను లేపి కూసోపెట్టుడే నాతోని కాదు, రోజు మీదింటి ప్రమీల ఒచ్చి ఒక చెయ్యి పడుతది. ఇగ మెట్లెట్ల ఎక్కిస్త? సలి పెడుతదని పిచ్చిదాన్ని, బొంత గట్టిగ సుట్టిన.

"నువ్వు మీదికి పో ఎల్లవ్వా" అంటడు.

"నోరు మూస్కోయ్యా" అన్న.

మంచం మునిగింది. వీపు కింద రెండు చేతులు పెట్టిన. ఏం మాయనో, మనిషి తేలిండు! సద్దుల నాడు బతుకమ్మను నీళ్లల్ల ఇడిసేటప్పుడు కింద చేతులు పెట్టి మెల్లగ నూకుతం సూడు, గట్లనే నూక్కుంట పోయిన.

"ఏందే, నన్ను గూడ సాగనంపుతున్నవా?" అంటడు మీ నాయిన. ఏడుపుల నవ్వొచ్చింది.

మెట్ల కాడికి పోయి కేకేస్తే ప్రమీల, ఆమె మొగడు పరుశురాం దిగొచ్చిండ్రు. నాయిన ఛాతి నీళ్లలకెళ్లి బయటికి రాంగనే బండరాయైండు. ముగ్గురం గుంజినా కదలడు.

"అత్తా, బొంత తియ్! నీళ్లు తాగి అదే బరువైంది" అని ప్రమీల ఒర్లింది. తీసినంక ఎక్కిచ్చిండ్రు. వాళ్లింట్లనే పండవెట్టి, వేడి జావ తాగిచ్చిండ్రు. వాళ్ల కడుపు సల్లగుండ. నువ్వొచ్చేటప్పుడు ప్రమీలకు మంచి చీర తే.

ఒక్క మాట ఎవ్వలికి చెప్పలే. రాయాల్నా వద్దా అని ఇంతసేపు ఆగిన. మెట్ల కాడ నేను ఎంటనే కేకెయ్యలే. నీళ్లు పెరుగుతుంటే గూడ జరసేపు ఊకెనే నిలవడ్డ. పచ్చవాతం ఒచ్చినకాంచి ఎవ్వల సాయం లేకుంట ఆయనను నేనొక్కదాన్నే పట్టుకున్నది అప్పుడే. సంటిపిల్ల లెక్క నా చేతులల్ల ఉండె. గంత భయంల గూడ సంబురమైంది. గా మురికినీళ్లకు దండం పెట్టబుద్ధైంది. నన్ను తిట్టకు.

ఆయన కండ్లు మూస్కొని, "బరువైతున్ననా?" అని అడిగిండు. రోజు అడుగుతడు, రోజు లేదనే అంట.

"లేదయ్యా" అన్న.

గా ఒక్కసారి నిజం చెప్పిన బిడ్డా.

ఇట్లు,
నీ మీదనే పానం పెట్టుకున్న మీ అవ్వ,
ఎల్లవ్వ