సీసా మీది లావు అంకె

తమ్ముడూ,

అమ్మను ఆసుపత్రి పాలు చేసినవి నువ్వు గీసిన అచ్చు అక్షరాలే. క్షేమసమాచారం రాయాల్సిన చోట ముందుగా ఈ మాట రాస్తున్నాను, చదువుకో. అమ్మ ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. నాడి కుదుటపడింది, రెండు పూటలా తింటోంది. క్షేమమంటే అంతే అయితే, ఇక్కడ అందరం క్షేమమే.

పోయిన ఉత్తరంలో అమ్మ కళ్ళ పరీక్ష ఏమైందని అడిగావు. కళ్ళకేమీ కాలేదు, పాత అద్దాలే చాలన్నాడు డాక్టరు. నువ్వు పంపిన నీ అక్షరాల పోస్టరు గోడకు పెట్టానా అని కూడా అడిగావు. పెట్టలేదు. చుట్టచుట్టి బీరువా వెనక పడేశాను. నీ అక్షరాల మీద నాకింత కసి ఎందుకన్నావు కదా, అది మాత్రం తీరిగ్గా చెబుతాను.

లావుగా, గుండ్రంగా, మూలలన్నీ అరగదీసి, బొద్దు పసిపిల్లల్లా ఉంటాయవి. చూస్తే బుగ్గ గిల్లాలనిపిస్తుంది. అందుకే కంపెనీలు ఎగబడి కొంటాయి. వాటిలో అచ్చేస్తే ఉద్యోగం పీకేసిన నోటీసు కూడా పుట్టినరోజు పిలుపులా ఉంటుంది. పాతికేళ్లుగా కార్మిక సంఘానికి కరపత్రాలు రాస్తున్నదాన్ని, మెత్తటి ముఖం వెనక ఏముంటుందో నాకు తెలుసు. ఈ తగువు మనకు పాతదే. "నువ్వు అక్షరాల చేత కూడా సమ్మె చేయిస్తావే అక్కా" అని నవ్వేవాడివి.

ఇప్పుడు నవ్వు. ఆ మందుల కంపెనీ తన దుకాణాల బోర్డుల కోసం నీ చేత గీయించుకుంది. తర్వాత, అంతా ఒకే తీరుగా కనబడాలని, సీసాల మీది చీటీలకూ వాటినే దించింది. బోర్డు మీద మనిషంత ఉన్న అంకె చీటీ మీద ఆవగింజంత. అంత లావు గీతల మధ్య ఖాళీ ఎక్కడ మిగులుతుంది? ఉన్న కాస్తా సిరాతో పూడిపోయి మూడు కాస్తా ఎనిమిదిలా కనబడింది. గుండె దడకు పూటకు మూడు చుక్కలు పడాల్సిన మందు ఎనిమిది చుక్కలు పడింది. నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున అమ్మ కుట్టుమిషను మీదే తల వాల్చేసింది.

"పెద్ద సైజు కోసం గీశాను, వాళ్లు చిన్నగా వాడితే నా తప్పా?" అని రాశావు. ఆ మాట వాళ్లకెప్పుడైనా చెప్పావా? ఏ కాగితం మీద? నీ మనసులో దాచుకున్న హెచ్చరిక ఎవరిని కాపాడింది?

సరే. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇది కూడా కాదు.

అమ్మ మెడలో కొలతల టేపు లేకుండా నువ్వెప్పుడైనా చూశావా? ఇప్పుడది మేకుకు వేలాడుతోంది. కుట్టడానికిచ్చిన బట్టలన్నీ మడిచి ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేసింది. ఎదురింటి నర్సు వచ్చి, "నా కోటు సంగతేంటి పిన్నీ?" అంది.

"మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియనిదాన్నమ్మా. చేతులు కురచ చేసేస్తాను."

"కురచైతే ఎండల్లో వేసుకుంటాలే."

అమ్మ నవ్వలేదు. మిషను కొనేవాళ్లు శనివారం వస్తామన్నారట. కబురు పెట్టింది అమ్మే.

నిన్న ధైర్యం చేసి, "ఆ చీటీ ఎవరు చదివినా పొరబడతారమ్మా" అన్నాను.

"నేను చదవలేదుగా. చదివి చెప్పింది నువ్వు. నువ్వు మూడనే చెప్పి ఉంటావు, నా బుర్రే పుచ్చిపోయింది" అంది.

తమ్ముడూ, నేను ఎనిమిదనే చెప్పాను.

మీటింగుకు వేళవుతోందని, కళ్ళజోడు సంచిలోనే ఉంచి, సీసాను చేతిదూరంలో పట్టుకుని చదివాను. కళ్ళజోడు పెట్టుకోవాలంటేనే నాకు నామోషీ, నీకు తెలుసు. "ఎక్కువ కాదూ?" అని అమ్మ అడిగింది. "రాసిందే చదువుతున్నా కదమ్మా" అని కసిరాను. ఆసుపత్రిలో డాక్టరు అమ్మ ముందే అడిగాడు, ఎన్నని చెప్పారని. మూడనే చెప్పానన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. అమ్మ ఒక్కసారి నా ముఖంలోకి చూసి, "అయితే నేనే మరిచుంటాను" అంది. ఆ రోజు నుంచి తన బుర్రను తానే నమ్మడం మానేసింది. ఊళ్ళో వాళ్లందరి చేతా తప్పులు ఒప్పించే నా నోరు ఈ ఒక్క తప్పు ఒప్పుకోవడానికి పెగలడం లేదు. ఇప్పుడు చెప్పినా తనను ఊరడించడానికి అంటున్నాననుకుంటుంది. అది సాకేనని కూడా నాకు తెలుసు.

శనివారానికి నాలుగు రోజులే ఉన్నాయి. నువ్వు చేయాల్సినవి ఇవి:

ఆ అక్షరాలు మందు చీటీల మీద వాడకూడదని కంపెనీకి రాసి, సంతకం పెట్టి, నకలు నాకు పంపు.

చీటీలు మార్చేదాకా వాళ్లకు ఒక్క గీత కూడా గీయకు.

కంపెనీ మీద నేను ఫిర్యాదు రాస్తున్నాను. నేను చదివిన తీరు, ఆడిన అబద్ధం అందులో ఉంటాయి. వాటిని తీసేయమని అడగకు.

శుక్రవారం పొద్దున అమ్మకు ఫోన్ చెయ్యి. ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. నేను అమ్మ పక్కనే కూర్చుంటాను.

చదివేటప్పుడు నా మీద జాలిపడి ఒక్క మాటైనా మెత్తబరచకు.

ఇట్లు,
కళ్ళజోడు పెట్టుకుని రాస్తున్న
నీ అక్క